ఎనుమాముల దగ్గు

మిర్చి దిగుతాంటే యార్డంత దగ్గుతది.
గేటుకాడి వాచ్‌మన్ దగ్గుతడు, అడ్తిదారు దగ్గుతడు,
మక్కకంకులు కాల్చే ముసలామె
కొంగు అడ్డం పెట్టుకోని దగ్గుతది.
రాత్రంత లైన్ల నిలవడ్డ ట్రాక్టర్ల మీద
పిల్లలు నిద్రలనే దగ్గుతరు.
ఇరవై రెండేండ్లు దడవాయి పని చేసిన,
దగ్గినోని దిక్కు ఎవ్వలు తల తిప్పి చూడంగ చూల్లే.

ఆ ఏడాది చూసిండ్రు.

"మిర్చే" అనేటోళ్లం. ఏదొచ్చినా మిర్చే.
కండ్లు ఎర్రగైతె మిర్చి, ముక్కు కారితె మిర్చి.
ఓదేలు మూడు గోలీలు మింగి వచ్చి
బస్తా ఎత్తంగ మోకాళ్లు వణికితె
అది గూడ మిర్చేనట.

యాకూబ్‌పాషా కొంకి కింద పెట్టిండు.
"ఇంటికి పో ర భయ్, ఒళ్లు పెనం లెక్క కాలుతాంది.
జట్టుల ఇంకా పదకొండు మందిమి ఉన్నం."
ఓదేలు నవ్విండు.
"పోత. నా పాలు ఎవ్వలిస్తరు, నువ్విస్తవా?
ఈడ ఎత్తినోనికే పైస, పండినోనికి సున్న.
జరం నన్ను సంపుతదో లేదో తెల్వది,
ఇంటి కిరాయికి మాత్రం ఐదో తారీఖు తప్పకుంట వస్తరు."
తప్పన్నోల్లం లేము, ఒప్పన్నోల్లం లేము.
ఆ పూట ఓదేలు బస్తాలు గూడ యాకూబే ఎత్తిండు,
లెక్క ఓదేలు పేరు మీదనే రాయమన్నడు.
రాసింది నేనే.

ఆ వారమే సూదుల క్యాంపు,
రైతుల విశ్రాంతి గదిల.
ఒక మంచు డబ్బ, రెండు కుర్చీలు, ఒక నర్సమ్మ.
మాపటికి ఏడుగురు పోయిండ్రు, అండ్ల ఐదుగురు ఆఫీసోళ్లు.
మావోల్లు గోడకానుకోని బీడీలు తాగుతాండ్రు.
"ఇంత జల్ది ఎట్ల తయారైందే?
మా బిడ్డ టెన్త్ మెమోకే ఏడాది పట్టె."
"వాట్సాప్‌ల ఒక డాక్టర్ వద్దన్నడు."
"ఏ డాక్టర్?"
"తెల్లకోటు తొడుక్కున్నడు మరి."
రాజకొంరు ఒక్కడే ఉన్నదున్నట్టు చెప్పిండు.
"సావుకు భయం గాదే.
సూదేస్కుంటె రెండొద్దులు జరమట.
సీజన్ల రెండొద్దులు! ఎవ్వడు కట్టియ్యాలె?"

నర్సమ్మ బయటికొచ్చింది. జలజ, హసన్‌పర్తి మనిషి.
మైకు పట్టుకోలే, కాయితం చూసి సదువలే.
"ఇదేస్కుంటె ఇగ రానే రాదా?" యాకూబ్ అడిగిండు.
"రాదని నేను రాసియ్య.
వచ్చినా పానం మీదికి రాకుంట ఆపుతది,
నేను చూసినకాడికి."
"జరమొస్తదా?"
"నాకైతె వచ్చింది. నూటొకటి."
"మరి ఇంట్ల పన్నవా?"
ఆమె డబ్బ మూత నొక్కుకుంట
"డ్యూటీకి వచ్చిన" అన్నది.
"మాకు మాత్రం ఎవ్వలిస్తరు?"

గోడకాడ నవ్వు లేసింది,
నవ్వుల నుంచి దగ్గు.
రాజకొంరు బీడీ పారేసి అంగీ చేయి మడిచిండు.
ఎన్కనే తొమ్మిది మంది.

యాకూబ్ నుదుటి మీద మిషన్ పెట్టి
ఆమె కొద్దిసేపు సప్పుడు చెయ్యలే.
"నీకిప్పుడు వద్దు. దవాఖానల చూపిచ్చుకో,
తగ్గినంక రా."
"మిర్చి వేడమ్మా" అన్నడు.
నేరుగ ఇంటికి పోతడనుకున్నం.
షెడ్డు కిందికే పోయిండు.
ఇంకా నలభై బస్తాలున్నయి ఆడ.

ఆయన పోయినంక ఓదేలు పదిరోజులు కొంకి ముట్టలే.
"నాదేనా?" అని ఒక్కపారి నన్నడిగిండు.
ఏం చెప్పాలె?
ఆ వారం నా గొంతుల గూడ గరగర ఉండె.
ట్రాక్టర్ల లొల్లికి తూకం వినపడకపోతె
యాకూబ్ చెవుల నోరు పెట్టి అరిచేటోన్ని.
గ్రాముదాంక చూపే కాంట నా ముందటనే ఉన్నది,
దాని మీద ఏది పెట్టాలె?

ఇప్పుడు జట్టుల జరమొచ్చినోనికి సగం పాలు రాస్తున్న.
దాని మీద గూడ ప్రతి సీజన్ లొల్లే,
మొన్న ఒకడు ఒళ్లు సల్లగున్నా తీస్కున్నడని.
రాస్తనే ఉన్న.

దగ్గొస్తె కాంట ఇడిసి
గోడ దిక్కు తిరుగుత.
మిర్చే గావచ్చు.