అనామతు పద్దు

టేమా రేవు దగ్గర, జిరాక్స్ షాపు మీది గదిలో
నా బల్లకవతల కూర్చుంది ఎసినామ్ అగ్బెకో.
ఇరవై ఆరేళ్లు. చేపల కోల్డ్ స్టోరేజీలో అకౌంటెంట్.
"అంకుల్, ఫ్రాన్సు వాళ్లు సీటిస్తారా, ఇవ్వరా?
శాతంలో చెప్పండి."
అందరికీ శాతాలే కావాలి,
లెక్కలవాళ్లకి మరీనూ.

ఎడారి దుమ్ము కిటికీ రెక్కల్లోంచి జొరబడి
ఆమె ఫైలు మీద పలచగా వాలింది.
తుడిచి తెరిచాను.

జమ వైపు:
జీమ్యాట్ ఆరువందల డెబ్బై.
కేప్ కోస్ట్ డిగ్రీ, ఫస్టు క్లాసుకి ఒక్క మార్కు తక్కువ.
ఆ మార్కు సంగతి నేనడక్కుండానే చెప్పింది,
ముల్లు ఇంకా లోపలే ఉన్నట్టుంది.
చార్టర్డ్ పరీక్షలన్నీ మొదటి దెబ్బకే.
లోమేలో పిన్ని దగ్గర నేర్చిన ఫ్రెంచి,
బేరమాడ్డానికి సరిపడా.

ఖర్చు వైపు:
కంపెనీ పేరు రేవు దాటితే ఎవరికీ తెలీదు.
నాలుగేళ్లలో ప్రమోషన్ లేదు.
చేతికింద ఎవరూ లేరు, ఒక ప్రింటరు తప్ప,
అదీ మాట వినదు.
ఆ కాలేజీ గుమ్మం ముందు అకౌంటెంట్లు
కోట్లు తొడుక్కుని బారులు తీరి ఉంటారు.
ఇంకొకరెందుకు వాళ్లకి?

ఇరవై ఏళ్లుగా నాది ఇదే జోస్యం,
చిలక లేదు, అంతే తేడా.
తొంభై శాతం అన్న కుర్రాడు
మా వీధి చివర టైర్లమ్ముతున్నాడు.
పది అన్న అమ్మాయి ఏటా
బార్సిలోనా నుంచి కార్డు పంపుతుంది,
కృతజ్ఞతో వెక్కిరింతో
ఇంతవరకూ తేల్చుకోలేదు నేను.

వ్యాసం చదివాను.
నాయకత్వం అన్న మాట తొమ్మిదిసార్లు.
ముప్ఫై అయిదు, అని పెన్సిల్‌తో మూలన రాసుకున్నాను.

అప్పుడు కరెంటు పోయింది.
ఫ్యాను అలవాటు కొద్దీ మూడు చుట్లు తిరిగి ఆగింది.
చీకట్లో మనుషులు
ఫైల్లో లేనివి మాట్లాడతారు.

"పోయిన ఆగస్టులో గల్లాపెట్టెలో
అరవై సెడీలు ఎక్కువొచ్చాయి అంకుల్.
మేనేజరు నవ్వి, తగ్గితే ఏడవాలి గానీ
పెరిగితే ఏడుపెందుకు, చిల్లర ఆదాయంలో వేసెయ్యమన్నాడు.
నాకు మూడు రాత్రులు నిద్రపట్టలేదు.
ఉప్పునీళ్లకి అంటుకుపోయిన వోచర్లు
ఒక్కొక్కటీ విడదీశాను.
డెబ్బైలో ఏడుని ఒకటనుకుని
గుమాస్తా పదే చెల్లించాడు, చేపలు మోసే మనిషికి.
వోచరు మీద ఇంతే ఉంది: అక్వెలే, నీలం బేసిన్."

"అయితే?"

"ఒడ్డున నీలం బేసిన్ల అక్వెలేలు ముగ్గురున్నారు.
మూడో ఆవిడ.
డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకుని,
ఇన్నాళ్లకా? వడ్డీ ఏదీ? అంది."

"ఇచ్చావా?"

"రెండు సెడీలు. నా సొంతం.
వోచరు కూడా రాశాను."

చీకట్లో నేను నవ్విన చప్పుడు నాకే వినిపించింది.
మరి ఇది రాయలేదేం, అన్నాను.
"ఇది నాయకత్వం కాదు కదా అంకుల్,
టాలీ చెయ్యడం."

కరెంటు వచ్చింది.
ముప్ఫై అయిదుని రబ్బరుతో చెరిపాను, కాగితం కాస్త చిరిగింది.
ఎక్కడో చలిదేశంలో, ఎవరో అలిసిన మనిషి
పన్నెండు నిమిషాల్లో తిరగేసే ఫైల్లో
ఆ నీలం బేసిన్ కంటపడుతుందో లేదో.
పడినా, లోపలేముందో వంగి చూస్తారో లేదో.
దీనికి నా దగ్గర కాకిలెక్క కూడా లేదు.

"ఎంత?" అంది మళ్లీ.
"అనామతులో వెయ్యి," అన్నాను.
ఎక్కడా ఇమడని మొత్తానికి మా ఇద్దరికీ తెలిసిన చోటు.
ఆమె మొహం చిట్లించింది.
"అనామతు ఏడాది చివరికి మూసెయ్యాలి.
లేకపోతే ఆడిటర్లు ఊరుకోరు."
"గడువు పదో తారీకు కదా, ఆలోగా మూసేద్దాం.
ముందు ఆ తొమ్మిది నాయకత్వాలూ కొట్టెయ్."

ఫీజు చేతిలో పెట్టి, కదలకుండా నిలబడింది.
ఏమిటన్నట్టు చూశాను.
"రసీదు."

ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.
రసీదు పుస్తకం అరువు తేవడానికి
కిందికి, జిరాక్స్ షాపుకి
మెట్లు దిగాను.