నాలుగంగుళాల లోపు

హన్మకొండ చౌరస్తా, జిరాక్స్ షాపు మీది అంతస్తు.
కరెంటు పోయి వచ్చినంక
స్క్రీన్ మూలకు చిన్న గుండ్రం తిరుగుతది.
ఏం చేస్తున్నవే అంటే చెప్పదు.
నేను మౌస్ ఇడిసి చాయ్ తాగుతున్నా
లోపల్లోపల దాని పని దానిదే.

ఆ ఇల్లు మట్టెవాడలది.
ఓదెలు, మొగిలి పంచుకుంటున్నరు.
నేనూ, మా దగ్గర పని నేర్చుకునే పిల్లగాడూ టేపు పట్టినం.
తూర్పుకు ముప్పయ్యొక్క అడుగుల నాలుగంగుళాలు,
పడమటికి ముప్పయ్యే, చిల్లర.
తాతలు కట్టిన గోడలు.
తిన్నగుండాల్నని వాటికి ఎవ్వరు చెప్పలే.

కొత్తగ లేపే నడిమి గోడల సందొకటి ఇడువుమన్నరు,
అన్నదమ్ములు కాదు, తోడికోడండ్లు.
"మూడంగుళాలు చాలు సారూ, చెయ్యి పడ్తే అయిపాయె."
అగ్గిపెట్టె,
నాలుగు పచ్చిమిరపకాయలు,
ఇంట్ల ఎవ్వరు లేనప్పుడు తాళంచెవి.
అడిగేటప్పుడు
ఒకామె ఇంకొకామె మొఖం చూడలే.

గీసిన. మూడంగుళాలు ఇడిసి మరీ గీసిన.

రెండు గీతల కొసలు దగ్గర దగ్గర కనపడితే
దానికి పాణం ఆగదు.
నాలుగంగుళాల లోపు ఖాళీ అంటే
దాని లెక్కల చెయ్యి వణికినట్టు.
అడగదు. టిక్కుమని సుత అనదు.
కలిపేసి ఊకుంటది.
ఎన్నడో ఎవరో పెట్టిన సెట్టింగ్.
ఎవరో ఏంది, నేనే కావచ్చు,
కాజీపేట క్వార్టర్ల పని నెత్తి మీదున్నప్పుడు.

ప్రింటు పోయింది. ముద్ర పడ్డది.
గోడ లేచింది, సున్నం సుత అయింది.

నెల దాటినంక అటు దిక్కు పోతే
పెద్దామె వాకిట్ల బియ్యం చెరుగుతున్నది.
"చిన్నది వద్దన్నదేమో లే సారూ,
మీరేం చేస్తరు" అన్నది, చాట ఆపకుంట.
గేటు దాటంగనే చిన్నామె ఎదురొచ్చి
మెల్లగ అడిగింది:
"మా అక్కనే మూయించిందా?"

నాకు మాట రాలే.
కంప్యూటర్ అని ఎట్ల చెప్పాలె?
నవ్వుతరు. లేకుంటే నమ్మరు.

రాత్రి ఆఫీసు తెరిచి దేవులాడిన.
పేరు సుత సక్కగ లేని ఫోల్డరొకటి,
నాకు చెప్పకుంటనే అది దాచుకున్న కాపీలు,
పది నిమిషాలకొకటి.
నాలుగూ పది కాపీల సందున్నది.
నాలుగూ ఇరవై కాపీల లేదు.
నడుమ నేను చాయ్ తాగుతున్న.

మూసిందీ అదే,
మూయకముందుది పదిలంగ దాచిందీ అదే.
తిట్టాల్నా దండం పెట్టాల్నా తెలువక
సెట్టింగ్‌ల ఆ టిక్కు తీసేసిన.
గుండ్రం ఇంకా తిరుగుతనే ఉన్నది.

నాలుగూ పది కాగితం రెండు ప్రింట్లు తీసిన,
ఆ ఇంటికొకటి, ఈ ఇంటికొకటి.
కింద షట్టరేస్తున్న జిరాక్సాయనను అడిగిన,
పొద్దున సుత్తె, ఉలి దొరికే దుకాణం
ఎన్ని గంటలకు తెరుస్తరని.