మడవ

పద్నాలుగు వందల గ్రాములు నువ్వు.
తిరుపతి పెద్దాసుపత్రిలో, గాజుపెట్టెలో.
పేరింకా పెట్టలేదు, చీటీ మీద
"బేబీ ఆఫ్ నాగవేణి" అని నా పేరే.

డాక్టరమ్మ కాగితం మీద గుండె గీసి
రెండు నాళాల నడుమ పొట్టి కాలవ గీసింది.
కడుపులో ఉన్నన్నాళ్లూ కావాల్సిందేనంట అది.
తొలి ఏడుపు తర్వాత తనంతట పూడిపోవాలంట.
పూడలేదు.

నాకేమీ అర్థం కాలా.
పెనుమూరులో అర్ధరాత్రి కరెంటొస్తే
చెరుకుతోటకు నీళ్లు కట్టే మీ నాయన మాత్రం
"మడవ మూతపడలేదన్నమాట,
తడిసిన మడికే మళ్లా పారతా ఉంది" అన్నాడు.
ఆమె పెన్ను ఆపి ఆయన్ని చూసింది.

మూడు రోజులు మందు. చుక్కలు చుక్కలు.
పాలు పిండి గిన్నెలో ఇచ్చొచ్చి
మెట్ల మీద కూర్చుంటే ఒకటే ఆలోచన:
నీ ఊపిరి నా దగ్గరున్నప్పటి దోవ గదా,
మూసేయడం నీకిష్టం లేదేమో.
నాకుందా?

మూడోనాడు ఆమె చెవుల్లోంచి గొట్టం తీసి
మీ నాయన చేతికిచ్చింది.
చీకట్లో గెనిమ మీద నిలబడి
నీళ్లు యాడ పోతన్నాయో చెవితో పట్టేటోడు,
కళ్లు మూసుకున్నాడు.
చానాసేపు.

"ఇంకా కారతా ఉందమ్మా," అన్నాడు,
"సన్నంగా."