నలభై ఒకటో పేజీ

రేపు పదింటికి విచారణ.
తెర మీదేనట, గ్రీనక్ నుంచి కదలక్కర్లేదు.
వంటింటి బల్ల గోడవైపు జరిపాను,
ఆరేసిన బట్టలు కెమెరాకి కనపడకుండా.
కనపడితే ఏమవుతుందో తెలీదు.

తొమ్మిది నెలల సస్పెన్షన్‌కి
నూట పన్నెండు పేజీల కట్ట.
శిక్షణ పత్రాలు ఆరు, తెలిసినవాళ్ళ ఉత్తరాలు మూడు,
నా ఆత్మపరిశీలన, నాలుగో ప్రతి.

మొదటి ప్రతిలో ఇలా రాశాను:
"ఇన్సులిన్ ఇవ్వబడలేదు. చార్టులో సంతకం పడింది."
యూనియన్ తరఫున చూసే ఇష్బెల్
ఫోన్లో చదివి కాసేపు మాట్లాడలేదు.
"ఆ చెయ్యి ఎవరిది, ఐల్సా?
వాన పడుతుంది. మంచు పడుతుంది.
సంతకం దానంతటది పడదు."

రెండో ప్రతిలో మనుషులు చాలరని రాశాను,
ఆ రోజు ఇరవై మూడు ఇళ్ళని,
కారు మొరాయించిందని.
అన్నీ నిజాలే.
నిజాలన్నీ ఇటుకల్లా పేర్చుకుంటూ పోతే
నిలువెత్తు గోడ లేచింది.
దాని వెనక హాయిగా కూర్చున్నాను.
మూడోది వట్టి ఏడుపు. చింపేశాను.

నాలుగోది పొట్టిది.
మిస్టర్ గౌర్లే. ఓడలకి రంగులేసిన మనిషి.
మూడో అంతస్తు, లిఫ్టు లేదు.
నేను కింద కారులోంచి
ఆయన కిటికీలో దీపం చూసి
బాగానే ఉన్నాడనుకున్నాను.
వెళ్ళానని రాశాను. ఇచ్చానని రాశాను.
చక్కెర తొమ్మిది పాయింట్ రెండు అని కూడా రాశాను.
ఆ పాయింట్ రెండు ఎక్కణ్ణుంచి తెచ్చానో
ఇప్పటికీ తెలీదు.

మర్నాడు మీటరు చూసే కుర్రాడు తలుపు కొట్టేదాకా
ఆ దీపం వెలుగుతూనే ఉంది.
బతికాడు.
అందులో నా గొప్పేం లేదు.

ఈ తొమ్మిది నెలలూ బేకరీలో పని.
రెండు గంటలకోసారి
ఫ్రిజ్ ఎంత చల్లగా ఉందో పట్టీలో వెయ్యాలి.
ఒక మంగళవారం ఎనిమిదింటిది మర్చిపోయాను.
"నాలుగని వేసెయ్, ఎప్పుడూ నాలుగేగా" అన్నాడు
యజమాని లాక్లన్. మంచివాడే.
అది నాలుగే అయ్యుంటుంది కూడా.
పెన్ను గడి మీద ఆగింది.
"చూడలేదు" అని రాసి
సంతకం పెట్టాను.
మధ్యాహ్నం దాకా వణుకుతూనే ఉన్నాయి
పిండి అంటిన చేతులు.

ఆ కాగితం అడిగి తెచ్చుకున్నాను, వెన్న మరకతో సహా.
నలభై ఒకటో పేజీగా పెట్టాను.
ఇష్బెల్ వద్దంది:
"ముగ్గురు సభ్యులకి క్రీమ్ కేకుల ఫ్రిజ్ గొడవెందుకు?"
తీసేశాను. మళ్ళీ పెట్టాను.
వెనక పేజీల అంకెలన్నీ రెండుసార్లు దిద్దాను.

అడుగుతారట: మళ్ళీ అలాంటి రోజొస్తే?
వస్తుంది.
ఇరవై మూడు ఇళ్ళు, ఒకటే కారు.
"ఇంకెన్నడూ చెయ్యను" అనెయ్యడం తేలిక.
అదీ చూడకుండా వేసే అంకెలాంటిదే.
ఏం చెప్పాలో ఇంకా కుదరలేదు.
"మెట్లెక్కుతాను. ఎక్కలేకపోతే
ఎక్కలేదని రాస్తాను."
ఇంతవరకే వచ్చింది. ఇంతకి పని తిరిగిస్తారో లేదో.

కోటు ఇస్త్రీ చేశాను.
తెర మీద నడుము పైనే కనపడుతుంది,
అయినా ప్యాంటు కూడా చేశాను.
కింద రేవులో ఆఖరి ఫెర్రీ కూసింది.
పదకొండయ్యుంటుంది
అనుకుని,
లేచి గడియారం దగ్గరికెళ్ళి చూశాను.
పదకొండు దాటి ఆరు నిమిషాలు.