రెండు నూళ్ల తేడా

ఆటో ట్రాలీల పండబెట్టి తెచ్చిండ్రు దాన్ని,
కాజీపేట నుంచి కొత్తవాడ దాక,
అంగడికి పోయే మేక తీరు కాళ్లు కట్టేసి.
ఊగుడు కుర్సి. జిట్రేగి కట్టె.
కుడి బద్ద పగిలితే మేకులు కొట్టి, ఇనుప తీగె చుట్టి,
దాని మీద మల్ల ఫెవికాల్ పోసి,
ఎన్ని చేతులు బాగుచేసినమనుకున్నయో.

మా నాయిన సోమాచారి ఉంటే తిట్టేటోడు:
"కట్టెకు మేకు కొట్టుడంటే
మాట తోచక చెయ్యి లేపుడే."

వసారల బోర్లేసి చూసిన.
నగిషీ ఎవలన్న చెక్కుతరు.
ఊగుడు కుర్సి పానమంత కింది రెండు బద్దలల్లనే.
అట్ట మీద వంపు గీసి, కోసి, ఆనిచ్చి చూస్తే
ఎడమ దాని కన్న కుడిది రెండు నూళ్లు తక్కువ.

నూలంటే మాకు అంగుళంల ఎనిమిదో వంతు.
పక్కింట్ల జంపఖానాలు నేసే చిప్ప సత్తెమ్మకు నూలంటే నూలే.
గోడకు ఇటు నేను, అటు ఆమె,
ఒక్క మాట మీద రెండు పొయ్యిలు మండుతయి.

ములుగు దిక్కు ఇల్లు ఇప్పితే కొన్న దూలం ముక్క
నాలుగేండ్ల సంది అటక మీదున్నది, దించిన.
రంద పడితే లోపట వాసన ఇంక బతికే ఉన్నది.
బాడిసతోని వంపు తీసి, కుసి దించి, వెదురు శీలలు కొట్టిన.
ఒక్క మేకు లేదు.
బండల మీద సుద్దగీత గీసి, గీత మీద పెట్టి
వందసార్లు ఊపిన.
కుర్సి గీత దాటలే.

నాలుగో నాడు మల్లొచ్చింది ట్రాలీ.
ఈసారి కుర్సిల కూసొని ఇన్నయ్య సారు గూడ వచ్చిండు.
ఫాతిమానగర్ల ఉంటడు, రైల్వే గార్డు చేసి దిగినాయన,
మెడల చిన్న శిలువ, మొండికేసిన రెండు మోకాళ్లు.

"ఏం చేసినవమ్మా సులోచనా, నా బండి నడుస్తలేదు."

నాకు సమజ్ కాలే.

"అన్నం తిని గోడకు మోకాళ్లు ఆనిచ్చి ఊగుడు షురూ చేస్తే
కొంచెం కొంచెం ఎనుకకు జరిగేది.
ఒంటిగంటకు క్యాలెండరుల తారీఖులు మంచిగ కనవడేవి,
రెండున్నరకు అంకెలు చీమలయ్యేవి,
మూడుంబావుకు వీపుకు కిటికీ తాకేది.
స్టేషనొచ్చినట్టు.
ముప్పైరెండేండ్లు ఆఖరి డబ్బల కూసున్నోన్ని.
ముంగట ఏమొస్తదో డ్రైవరు చూసుకునేది,
నాది పొయ్యేదాన్ని చూసుడే.
ఇప్పుడు పొద్దంత ఆడనే ఊగుతున్న,
సిగ్నల్ పడని గూడ్సు తీరు."

బాగుచేసుడు నేర్పిండు నాయిన.
చెడగొట్టుడు నేర్పలే.
ఎక్కువ తీస్తే ముసలాయన బోర్ల పడతడు.
తక్కువ తీస్తే కదలది.
పాత బద్దను పొయ్యిల పెట్టకపోవుడు మంచిదాయె.
దాన్ని తెచ్చి, కండ్లద్దాలు తుడుసుకొని
తప్పును కొలిచిన.
ఏ ఒప్పునూ అంత పైలంగ కొలిచింది లేదు.
ఎక్కడెక్కడ వంపు చదునైందో,
ఎక్కడ ఆయన బరువు ఇరవై ఏండ్లు అరగదీసిందో
పెన్సిలుతోని గుర్తు పెట్టుకొని,
ఒక్క పొట్టు తీసి ఊపుడు, ఇంకో పొట్టు తీసి ఊపుడు,
ఉల్లిపొరంత పొట్టు.

సుద్దగీత కింద ఇంత సందు పడ్డది.

"కూసో సారూ."
కూసున్నడు. దర్వాజ ముంగట మొదలు.
సత్తెమ్మ మగ్గం కొడుతున్నది అవుతల,
ఆ దెబ్బకు ఈయన కాలు తనంత తనే కలిసింది.
రెండుసార్లు చాయ తాగినం.
నేను ఇంకో పీటకు గరుకు కాగితం పట్టి మరిసే పోయిన.
తలెత్తి చూస్తే నాకూ ఆయనకూ నడుమ
వసార సగం ఖాళీ.
వీపు సత్తెమ్మ గోడకు తాకింది.
కండ్లు తెరవకుంటనే అడిగిండు, "ఏ ఊరమ్మా?"

మొదటిసారి పన్నెండు వందలు తీసుకున్న.
ఈ పనికెంత అడగాలెనో తెల్వక
ఆటో కిరాయి మాత్రం నేనే ఇచ్చిన.

నాయిన అచ్చుల పక్కన, మేకుకు
ఆ పాత బద్ద యాలాడుతున్నది.
దాని మీద రాసి పెట్టిన:
ఇన్నయ్య సారు. కుడి. రెండు నూళ్లు తక్కువ.
సరిచెయ్యొద్దు.