పదకొండో ప్రశ్న

గత నాలుగు వారాల్లో
జబ్బు చేసి ఎన్ని రోజులు పనికి వెళ్లలేదు?
లేవార్డెన్ జున్ను ఫ్యాక్టరీ నుంచి
హిల్త్యె పోస్త్మా జవాబు: తొమ్మిది.

తొమ్మిదిని ఎనిమిది గంటలతో,
వచ్చినదాన్ని గంట కూలితో హెచ్చవేశాను.
ఇక్కడిదాకా ఎక్కాల పుస్తకం చాలు.

పదకొండో ప్రశ్న: మీ పని ఎవరు చేశారు?
గడుల్లో టిక్కు లేదు.
పక్కన పెన్సిలుతో, వంకరగా:
"దౌవె చేశాడు. తన పని మానకుండానే.
జున్ను చక్రాలు తిప్పకపోతే
అడుగున చెమ్మపట్టి కూర్చుంటాయి,
వాటికి నా నడుం సంగతి తెలియదు."

దౌవె నడుముకి నా పట్టికలో గడి లేదు.

మా విభాగంలో రెండు వర్గాలు.
పింఛను వయసు దాకా నష్టమే అంటారు ఒకరు.
కాదు, కొత్త మనిషికి చెయ్యి తిరిగేదాకానే అంటారు ఇంకొకరు;
ఆ మర్నాటి నుంచి హిల్త్యె లేని లోటు సున్నా.
నేను రెండో వర్గం.
సున్నా చుట్టేటప్పుడు చెయ్యి వణకదు, అలవాటు.

ఇవాళ నాకూ జ్వరం. అయినా వచ్చి కూర్చున్నాను,
కిటికీ అవతల ఖ్రోనింగెన్ వాన.
పన్నెండో ప్రశ్న:
ఒంట్లో బాగాలేని రోజున
మామూలు పనిలో పదింట ఎన్ని వంతులు చేశారు?
ఆరు, అని వేసుకున్నాను.
చీకటి పడేదాకా అదే పెన్సిలు వరుస చూస్తూ ఉండిపోయి
ఆరు కొట్టేసి నాలుగు చేశాను.

మిగతా ఆరు వంతులూ
ఆ జున్ను గదిలో
చక్రాలు ఒక్కొక్కటే తిప్పుతున్నాయి.