పదికి తొమ్మిది

శిడ్లఘట్ట నుంచి తొలి బస్సులో వస్తాయి,
డ్రైవరు సీటు వెనక, చిల్లులు పొడిచిన అట్టపెట్టెలో.
హెబ్బాళ ఫ్లైఓవర్ కింద నేను అందుకునేసరికి
లోపల ఎవరో కొత్త నోట్లు లెక్కపెడుతున్న చప్పుడు.
ఆకు తింటున్నాయి.

మా హిందూపురం వైపు
పట్టుపురుగు కుబుసం విడవడాన్ని జ్వరం అంటాం.
నాలుగు జ్వరాలు దాటిందంటే ఇక గూడు కట్టడమే.
ఇవి నాలుగూ దాటినవి.
అయిదోది నా చేతిలో ఉంది.

మా పెద్దమ్మ ఓబుళమ్మ, కలెక్టరొచ్చినా సరే,
చెప్పులతో షెడ్డులోకి రానివ్వదు.
గుమ్మంలో సున్నం, బ్లీచింగు నీళ్ళ తొట్టి.
తుమ్మినవాడికి ఆ పూట లోపల పనిలేదు.
పాలురోగం తగిలిన పురుగు ఒక్కటి కనబడితే
పుల్లతో తీసి, కయ్యల అవతల పూడ్చి వచ్చి
ఆ రాత్రి అన్నం సగమే తింటుంది.
ఆమె చేతికింద పెరిగిన నేను
ఇక్కడ రోగాన్ని కొలిచి మరీ ఎక్కిస్తాను,
యాభై మైక్రోలీటర్లు, వెంట్రుకంత సూది.

రోగం శివాజీనగర్‌లో ఒక ఆసుపత్రి నుంచి వచ్చింది.
మనిషి పేరు మాకు చెప్పరు. సీసా మీద ముప్పై ఒకటి అని అంకె.
కాలేయంలో చీముగడ్డ, వారానికి కుడికన్ను,
ఆ తర్వాత ఏమైందో కాగితంలో లేదు.
ప్లేటు మీద ఆ క్రిములు తడితడిగా మెరుస్తాయి.
లూపుతో తాకి పైకి లాగితే
దారం వస్తుంది.
నిజంగా దారమే. అంగుళం, అంగుళమున్నర, తెగదు.
మొదటిసారి చూసి నవ్వాను:
నీకూ వచ్చా ఈ పని?

ఆ దారం వెనక ఒక జన్యువుంది.
ఫిర్దౌస్ ఆరునెలలు కూర్చుని దాన్ని కత్తిరించింది.
ఇప్పుడు లూపు లాగితే ఏమీ రాదు,
నీళ్ళమజ్జిగలా జారిపోతుంది.

నాలుగు పళ్ళేలు. పళ్ళేనికి పది.
ఉప్పునీళ్ళవి. దారమున్నవి. దారం తెగినవి.
నాలుగోది, తీసిన జన్యువును మళ్ళీ అమర్చినవి.
కుముదిని మేడం ముందే అంది:
తీస్తే బతకడం చాలదు,
తిరిగి పెడితే చావాలి. అప్పుడే రుజువు.
ఎలుకకైతే పద్దెనిమిది పేజీల దరఖాస్తు, కమిటీ, మీటింగు.
పురుగుకు ఎవరి సంతకమూ అక్కర్లేదు.
పెట్టె వేడి ముప్పై ఏడు. మనిషి ఒంటి వేడి.

రెండో రాత్రి వానకు కరెంటు పోయి జనరేటరు అందుకుంది.
కుంచె కొసతో ఒక్కొక్కదాన్నే తాకాను.
కదిలితే గీత. కదలకపోతే సున్నా.
దారమున్న పళ్ళెంలో తెల్లారేసరికి అన్నీ సున్నాలే,
ఒళ్ళంతా కాటుక పులిమినట్టు.
దారం తెగిన పళ్ళెంలో తొమ్మిది తలలెత్తి
ఆకు కోసం వెతుకుతున్నాయి.
ఉప్పునీళ్ళలోనూ ఒకటి పోయింది.
దానికి ఏ జన్యువూ కారణం కాదు. నా చెయ్యి.
అదీ రాసుకున్నాను.

నాలుగో పళ్ళెం దగ్గర
నేనేమీ మొక్కుకోలేదు గానీ
కుంచె తగిలినప్పుడల్లా
కదలొద్దు, కదలొద్దు అనుకున్నాను.
ఒకటి కదిలింది.

మధ్యాహ్నం పెద్దమ్మ ఫోను.
"ఎట్లుండాయి మే నీ పురుగులు?"
"పదికి తొమ్మిది," అన్నాను.
"మంచి పంటే. ఈ వారం గూళ్ళు కిలో ఆర్నూర్ల యాభై పలుకుతాండాయి."
ఏ పళ్ళెమో ఆమె అడగలేదు.

బతికినవాటికీ రూలు ఒకటే: మైనస్ ఇరవై.
సాయంత్రం చల్లపెట్టె తలుపు తీసి చూద్దును గదా,
తొమ్మిదింట్లో ఒకటి
పళ్ళెం అంచుకు ఆనుకుని
తల అటూ ఇటూ తిప్పుతూ దారం వేస్తోంది.
లూపు లేదు, ఎవరూ లాగడం లేదు.

చల్లగాలి మోకాళ్ళకు తగులుతుంటే
అక్కడే కాసేపు నిలబడ్డాను.
నోటుబుక్కులో దీనికి గడి లేదు.